గుచ్చింది పల్లేరేనా? ముళ్లు లెక్కపెట్టండి

సిడ్నీలో పిల్లల దగ్గరికి వచ్చిన మన పెద్దవాళ్లు అక్టోబరులో వట్టి కాళ్లతో పెరటి గడ్డిలో అడుగుపెట్టి, అరికాలు పట్టుకుని అనే మాట ‘పల్లేరుకాయ’. చాలాసార్లు అది పల్లేరు కాదు. అక్కడివాళ్లు ‘బిండీ’ అనే కలుపు. శాస్త్రనామం సొలైవా సెసిలిస్, పుట్టిల్లు దక్షిణ అమెరికా. ‘బిండీ’ అన్న పేరుకూ మన బొట్టుబిళ్ల ‘బిందీ’కీ సంబంధం లేదు.

నొప్పిని బట్టి పోల్చుకోలేం. ముళ్లు లెక్కపెట్టాలి. పల్లేరుకాయ పండాక 5 చెక్కలుగా విడిపోతుంది. ఒక్కో చెక్కకు 2 పొడుగు ముళ్లు, 2 పొట్టివి. ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. బిండీ గింజ బల్లపరుపుగా, కొసన 1 ముల్లుతో ఉంటుంది, అదీ కొన్ని మిల్లీమీటర్లే. పల్లేరు ఆకు చింతాకును పోలి 4 నుంచి 8 జతల చిట్టి ఆకులతో, పువ్వు 5 పసుపు రేకులతో ఉంటుంది. బిండీది క్యారెట్ ఆకులా సన్నగా చీలిన ఆకు. నేలకు అతుక్కున్న ఆ ఆకుల గుండ్రం నడుమ రేకుల్లేని పచ్చటి పూగుత్తి.

ఇలా గుచ్చే కలుపుల్లో మూడోది ఖాకీ వీడ్. మనం వండుకునే పొన్నగంటి కూరకు ఇది స్వయానా దాయాది, రెండూ ఆల్టర్నాంథెరా ప్రజాతివే. కణుపుకు 2 ఆకులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆ ఆకుల మొదట్లోనే ఎండుగడ్డి రంగు ముళ్ల గుత్తి. తల్లివేరు లోతుకు పోతుంది కాబట్టి పైపైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది.

పోల్చుకోవడం ఎందుకంటే, పీకే నెల వేరు. పల్లేరు, ఖాకీ వీడ్ అక్కడి వేసవిలో విజృంభిస్తాయి. బిండీ మాత్రం మార్చి-మే మధ్య మొలిచి, అక్కడి చలికాలమంతా మెత్తగా పెరిగి, సెప్టెంబరు నుంచి ముల్లు గట్టిపడి, ఎండలు ముదిరాక చచ్చిపోతుంది. అంటే జూన్, జులై, ఆగస్టు, ఈ 3 నెలల్లోనే పాత చాకుతో వేరుతో సహా లేపేయాలి. బాధాకరం ఏమిటంటే, చాలామందికి ఇది గుర్తొచ్చేది ముల్లు దిగాకే. అప్పటికి గింజలు రాలిపోయి ఉంటాయి. మందు కొట్టేవాళ్లు ముందు తమ గడ్డి రకం తెలుసుకోవాలి. కొన్ని కలుపుమందులకు బఫెలో గడ్డి మాడిపోతుంది. గడ్డిని మరీ నున్నగా కోయకండి, ఒత్తైన గడ్డి నీడలో బిండీ మొలక నిలదొక్కుకోలేదు.

పెరటి నుంచి అడవి దారికి ఈ గింజలను మోసేది మన బూట్లే. అడవిలో నడకకు బయల్దేరే ముందు వాటిని తిరగేసి చూడండి. దొరికిన ప్రతి ముల్లునూ పీకి, చెత్తబుట్టలోనే వేయండి.