పిలుపు ఉన్నవారు మందు మానమనరు



"దేవుడు నన్ను పిలిచాడు, నా మాట వినండి" అని ఎవరైనా చెబితే మనం భయభక్తులతో తల వంచుతాం. మంచం పక్కన నిలబడి ప్రార్థించే సేవకులు రోగికి ఎంతో ఆదరణ. అయితే "నీకు స్వస్థత అయిపోయింది, ఇంకా మాత్రలు వేసుకుంటే అది అవిశ్వాసం" అనే మాట కూడా కొన్ని ఇళ్లలో వినబడుతుంది. అది నమ్మి మందు ఆపి, రోగం ముదిరాక వచ్చినవారిని మేము వార్డులో చూస్తుంటాం. కాబట్టి పిలుపు అంటే ఏమిటి, దాని అధికారం ఎంతవరకు అనేది మన ప్రాణాలకు సంబంధించిన విషయం.

బైబిలులో పిలుపు

బాలుడైన సమూయేలు తనను పిలిచింది ఏలీ అనుకొని మూడుసార్లు ఆయన దగ్గరకు పరుగెత్తాడు (1 సమూయేలు 3). పిలుపు అందుకున్నవానికే అది ఎవరి స్వరమో వెంటనే తెలియలేదు, పెద్దాయన సహాయం కావలసివచ్చింది. కనుక పిలుపును పరీక్షించి చూడడం తప్పు కాదు.

హిజ్కియా రాజు బాగుపడతాడని దేవుని మాట తెచ్చిన యెషయా ప్రవక్తే, పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు (2 రాజులు 20). యేసు ప్రభువు పదిమంది కుష్ఠరోగులను యాజకులకు చూపించుకొమ్మని పంపాడు (లూకా 17). ఆ కాలంలో ఆ రోగాన్ని పరీక్షించి, శుద్ధుడా కాదా అని చెప్పే పని యాజకులదే. స్వస్థపరచే ప్రభువే పరీక్షకు పంపితే, మనకు పరీక్షలు అక్కరలేదనడం ఎలా కుదురుతుంది?

డిచ్‌పల్లి సాక్ష్యం

మనకు దగ్గరలోనే ఒక నిజమైన పిలుపు గుర్తు ఉంది. స్కాట్లాండుకు చెందిన ఇసబెల్ కెర్ 1903లో అబర్డీన్‌లో డాక్టరు చదువు ముగించి, 1907లో భర్త రెవరెండ్ జార్జ్ కెర్‌తో హైదరాబాద్ సంస్థానానికి వచ్చారు. ఊరు వెలివేసిన కుష్ఠరోగులను చేరదీశారు. 1915లో డిచ్‌పల్లిలో వారికోసం కేంద్రం ఆరంభమైంది. దానికి లక్ష రూపాయలు ఇచ్చినవారు హిందువైన రాజా నర్సాగౌడ్. ఆమె మతం కాదు, ఆమె సేవ ఆయనకు నమ్మకం కలిగించింది. ఆమె ప్రార్థించారు, చాల్‌మూగ్రా నూనె ఇంజక్షన్లూ ఇచ్చారు. మన నిజాంసాగర్ ప్రాజెక్టు పని మొదలైన 1923లోనే ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1932లో ఇక్కడ సేవలో ఉండగానే ప్రభువునందు నిద్రించారు. గొప్పవాడు కాగోరేవాడు పరిచారకుడు కావాలన్న ప్రభువు బోధకు (మార్కు 10) ఇదే అర్థం.

మందు ఆపితే ఏమవుతుంది?

* టి.బి.: మామూలుగా కనీసం 6 నెలలు వాడాలి. కొద్ది వారాల్లోనే దగ్గు, జ్వరం తగ్గుతాయి, కాని క్రిములు లోపల ఉంటాయి. మధ్యలో ఆపితే మందులకు లొంగని టి.బి. రావచ్చు, ఇంట్లోవారికీ అంటవచ్చు.
* కుష్ఠు: రోగాన్ని బట్టి 6 లేక 12 నెలలు. మధ్యలో మానితే రోగం పూర్తిగా నయం కాదు, చేతులు, కాళ్లు, కళ్లు దెబ్బతినవచ్చు.
* ఫిట్స్: మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు.
* షుగరు: ఇన్సులిన్ తప్పనిసరి అయినవారు మానితే కొద్ది రోజుల్లోనే ప్రాణాపాయం.

టి.బి., కుష్ఠు మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

ఎలా గుర్తుపట్టాలి?

1. నిజమైన సేవకుడు ప్రార్థనకు వెల కట్టడు.
2. ప్రశ్న అడిగితే శపించడు, బెదిరించడు.
3. డాక్టరుకు చూపించుకోమంటాడు. స్వస్థత నిజమైతే పరీక్షలోనూ కనబడుతుంది.

మందు మానమని ఎవరైనా చెబితే, మానకముందే మా సిస్టర్లలో ఎవరికైనా చెప్పండి. మేము కోప్పడము. మీ అయ్యగారిని కూడా వెంట తీసుకురండి, కలిసి మాట్లాడుకుందాం. ప్రార్థన మానకండి, మాత్ర మానకండి. ప్రభువు మీ అందరికీ ఆరోగ్యమును, సమాధానమును అనుగ్రహించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్