తెలుగు వికీపీడియా: రూపం మారితే చాలునా?

2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైన తెలుగు వికీపీడియా ఇరవయ్యేళ్లకు పైగా జీతం లేని రచయితల సామూహిక శ్రమ మీద నడుస్తోంది. ప్రధాన సంపాదకుడంటూ ఎవరూ లేరు. ఎవరైనా దిద్దవచ్చు, ప్రతి దిద్దుబాటూ వ్యాస చరిత్రలో నిలిచి ఉంటుంది, తగవులు 'రచ్చబండ' పేజీకి వస్తాయి.

ఇలాంటి వేదికకు కొత్త రూపం ఇవ్వడమంటే రంగులూ, మొదటి పేజీ అలంకరణా మాత్రమే కాదు. ఆ తొలి రోజుల్లో తెలుగు పత్రికలు వెబ్‌లో ఎవరి ఫాంటు వారు వాడేవి. ఆ ఫాంటు లేనివారికి కనిపించేది గజిబిజి గీతలే. యూనికోడ్ ఆ గోడ కూల్చింది. నాగార్జునే తయారుచేసిన 'పద్మ' పాత ఫాంటుల రాతను యూనికోడ్‌లోకి మార్చింది. అది రూపంలో వచ్చిన మార్పే, కాని పాఠకుల సంఖ్యనే మార్చేసింది.

మరి వస్తువు? చింతూరునే తీసుకోండి. శబరి ఒడ్డునున్న ఈ మండలం పోలవరం ముంపు కారణంగా 2014లో ఖమ్మం జిల్లా నుంచి తూర్పు గోదావరికి మారింది, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. వ్యాసంలో ఈ మార్పులు దిద్దడం తేలిక: చట్టం ఉంది, ఉత్తర్వులున్నాయి. కోయల నోట ఉన్న ఊరి చరిత్రకు మాత్రం అచ్చయిన ఆధారం అరుదు. ఆధారం లేనిది చేర్చరాదన్నది వికీపీడియా నియమం. నియమం తప్పనలేం, అది లేకపోతే కట్టుకథలకు అడ్డుండదు. కాని దానివల్ల పాలకుల కాగితం వ్యాసంలోకి వస్తుంది, నిర్వాసితుల జ్ఞాపకం బయటే ఉండిపోతుంది. ముంపు ఊళ్ల పెద్దలు చెప్పేది కోయ మాటలతో సహా రాసుకుని, ఏదో ఒక పత్రికలో అచ్చువేస్తే దాన్నే ఆధారంగా చూపవచ్చు. అందుకు కంప్యూటరు విద్య అక్కర్లేదు. ఊళ్లు ఖాళీ కాకముందే వెళ్లి, కూర్చుని వినే రచయితలు కావాలి.