సత్ప్రవర్తన క్రీడ

మాటిమాటికి బల్ల విడిచి లేచు పిల్లవాడు, తోడివారిని కొట్టు పిల్లవాడు ప్రతి పాఠశాలలోను ఉందురు. వారందరు పెద్దయిన పిదప చెడుదురని కాదు. కాని మాదకద్రవ్యముల వ్యసనము, నేరప్రవృత్తి వారిలో కొందరిని పట్టు అవకాశము ఎక్కువ. మొదటి తరగతిలోనే ఆ త్రోవ మళ్ళింపవచ్చునా?

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున బారిష్, సాండర్స్, వుల్ఫ్ అను మువ్వురు ఒక ఆటను కల్పించి, 1969లో దాని వివరములను ప్రచురించిరి. నాల్గవ తరగతిలోని 24 మంది పిల్లలను రెండు జట్లు చేసిరి. అనుమతి లేక లేచినను, మాటలాడినను ఆ జట్టుపేర నల్లబల్లపై ఒక గీత పడును. గీతలు అయిదు దాటనిచో రెండు జట్లును గెలుచును. భోజనమునకు ముందుగా వరుసలో నిలుచుట, కొంత ఖాళీ సమయము మొదలగునవి బహుమానములు. గణితపు పీరియడులో పిల్లలు చోటు విడుచుట గమనించిన సమయమున 82 శాతమునుండి 9 శాతమునకు దిగినది. ఆట ఆపగానే పాత అల్లరి తిరిగి వచ్చినది.

ఇందలి కీలకమేమి? అల్లరివానికి తోటివారి నవ్వే బహుమానము. ఉపాధ్యాయుని చీవాట్లు సైతము ఒక విధమైన గుర్తింపే. ఆటలో ఆ నవ్వు జట్టుకు నష్టము గనుక నవ్వువారు తగ్గుదురు. అయితే ఇద్దరు పిల్లలు ఆడమని మొండికెత్తగా, వారి గీతలు జట్టునంతను ముంచకుండ వారిని వేరు జట్టుగా చేయవలసివచ్చెను. ఉపాధ్యాయులు ఈ చిక్కును గుర్తుంచుకొనవలెను.

ఇది తరగతిని నిశ్శబ్దపరచు ఉపాయమేనా? 1985–86లో బాల్టిమోర్ నగరమున షెపర్డ్ కెల్లమ్ బృందము దీనిని మొదటి తరగతులలో పరీక్షించినది. ఏ తరగతిలో ఆట ఆడవలెనో చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగా నిర్ణయించిరి. తొలుత వారమునకు మూడుసార్లు, పదేసి నిమిషములు, మామూలు పాఠము నడచుచుండగనే ఆట సాగెడిది.

ఆ పిల్లలను 19–21 ఏండ్ల ప్రాయమున మరల పరిశీలించిరి. మగవారిలో మాదకద్రవ్యముల దుర్వినియోగమునకు లోనైనవారు సాధారణ తరగతులలో 38 శాతము, ఆట ఆడినవారిలో 19 శాతము. బాల్యమున మిక్కిలి దుడుకుగా నుండినవారిలో ఈ వ్యత్యాసము 83, 29. ఆ గుంపు చిన్నది గనుక ఈ అంకెలను కొంత జాగ్రత్తతో చూడవలెను. బాలికలలో ఇంతటి మేలు కానరాలేదు.

మరుసటి యేడు అదే ఉపాధ్యాయులు క్రొత్త పిల్లలతో అదే ఆట ఆడించిరి. కాని ఈసారి వారికి శిక్షణ, వెన్నంటి సలహా చెప్పు సాయము తగ్గినవి. ఫలితములును పలుచబడినవి.