ముందు, మిన్న: ఆంగ్ల నుడికారమున రెండు భావములు

కొంతకాలము క్రిందట మాకు తెలిసిన తండ్రిగారొకరు తమ కుమారుని పాఠశాలనుండి వచ్చిన జాబును సంతోషముతో తెచ్చి చూపిరి. అందు ‘అవుట్‌స్టాండింగ్’ అను మాట యున్నది. అంతకుముందు పిల్లవాని ప్రోగ్రెస్ కార్డుమీద ఉపాధ్యాయులు అదే మాట వ్రాసి మెచ్చుకొనియుండిరి. తీరా చదువగా, ఆ జాబు చెల్లింపవలసిన ఫీజు బకాయిని గూర్చినది! వారు నవ్విరి, మేమును నవ్వితిమి. ఆ మాటకు మూలార్థము ‘వెలుపలికి నిలిచియున్నది’ అని. పదిమందిలో వేరుగా కనబడు విద్యార్థియు నట్టివాడే. లెక్క తీరక మిగిలిపోయిన సొమ్మును నట్టిదే. మాటయొక్క మూలము తెలిసినచో రెండర్థములును గుర్తుండును.

ఇట్టి మాటలు ఆంగ్లమున పెక్కు గలవు. అవి రెండు కుటుంబములు. మొదటిది ‘ముందు’ అను భావము. రెండవది ‘మిన్న’ అను భావము. ‘ప్రయారిటీ’ యను మాట ‘ముందటిది’ అను నర్థముగల లాటిన్ పదమునుండి పుట్టినది. ‘ప్రామినెన్స్’ అనునది ‘ముందునకు పొడుచుకొని వచ్చుట’ అను నర్థముగల వేరొక లాటిన్ పదమునుండి పుట్టినది. తెలుగున మనము రెంటికిని ‘ప్రాధాన్యము’ అనియే వాడుచుండుటచే పిల్లలు తడబడుచుందురు.

ఒక యుదాహరణము. వీధిలో పెండ్లి ఊరేగింపు పోవుచుండగా వెనుకనుండి ఆంబులెన్సు వచ్చినది. అందరి కన్నులును పెండ్లికొడుకు మీదనే యున్నవి, అది ప్రామినెన్స్. కాని దారి ఇయ్యవలసినది ఆంబులెన్సునకు, అది ప్రయారిటీ. ఎక్కువగా కనబడునదెల్ల ముందు చేయదగినది కాదు.

మొదటి కుటుంబములో ‘ప్రెసిడెన్స్’ అను మాట కలదు. ముందు నడచుట దాని యర్థము. 1979లో రాష్ట్రపతి కార్యాలయము ప్రకటించిన మర్యాదాక్రమ పట్టికకు ‘టేబుల్ ఆఫ్ ప్రెసిడెన్స్’ అని పేరు. అందు రాష్ట్రపతి మొదట, ఉపరాష్ట్రపతి రెండవ, ప్రధానమంత్రి మూడవ స్థానములం దుందురు. రాష్ట్రపతిని తెలుపు ‘ప్రెసిడెంట్’ అను మాటతో దీనిని కలిపివేయరాదు. ‘ఫస్ట్ థింగ్స్ ఫస్ట్’ అనగా ముందు చేయవలసినది ముందు చేయుమనుట. ‘గుఱ్ఱమునకు ముందు బండిని కట్టుట’ అని ఆంగ్లేయులు నవ్వుదురు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని మనము నవ్వుదుము. ‘బ్యాక్ బర్నర్’ అను పలుకుబడి వంటయింటిది. తొందరలేని గిన్నెను స్టవ్వుమీద వెనుక మంటకు జరుపుదురు. పని మానినట్లు కాదు, తరువాతకు నిలిపినట్లు. ‘బ్యాక్ సీట్’ తీసికొనుట యనగా ఒకరికి ముందుచోటు విడిచి తాను వెనుకకు తగ్గుట.

రెండవ కుటుంబము ఇంకను రుచికరము. ‘ఎమినెంట్’ అనగా పదిమందికంటె ఎత్తున నిలిచినవాడు. ‘ఇమినెంట్’ అనగా రేపో మాపో మీద పడనున్నది. ఒక్క యక్షరము తప్పినచో గొప్ప వైద్యుడు ముంచుకొని వచ్చు నాపదయగును! ‘సేలియంట్’ అనునది దుముకుట యను నర్థమునుండి వచ్చినది. పాఠములోని ముఖ్యాంశములు కంటియెదుటకు దుముకునన్నమాట. ‘కాన్‌స్పిక్యువస్’ అనునది కొట్టవచ్చినట్లు కనబడుటను మాత్రమే తెలుపును. ఒప్పైనను, తప్పైనను సరియే. ‘లైమ్‌లైట్’ అనగా పిల్లలు నిమ్మపండు నూహింతురు. అది సున్నము. పందొమ్మిదవ శతాబ్దమున నాటకశాలలలో సున్నపుముద్దను తీవ్రమైన మంటలో తెల్లగా వెలుగునట్లు కాల్చి, ఆ వెలుగును నటునిమీద ప్రసరింపజేసెడివారు. మన అంగళ్ళలో వినబడు ‘ఏవన్ సరుకు’ ఓడలనుండి వచ్చినది. లండనులోని లాయిడ్స్ రిజిస్టరువారు ఓడ కట్టుదలకు అక్షరమును, సామగ్రికి అంకెయును వేసెడివారు. రెండును మేలైన ఓడ ‘ఏవన్’.

మన నుడికారము దీనికి తీసిపోదు. పెద్దపీట వేయుట, అగ్రతాంబూలమిచ్చుట మన యింటి పలుకులే. ‘ప్రైడ్ ఆఫ్ ప్లేస్’ అను దానికి ఇంతకంటె చక్కని తెలుగు వెదుక నక్కరలేదు. ముందునకును మిన్నకును గల తగవు మహాభారతమునందే కలదు. రాజసూయమున శ్రీకృష్ణునకు అగ్రపూజ జరుపగా శిశుపాలుడు మండిపడెను. వయస్సున పెద్దయైన వసుదేవుడుండగా, ఆచార్యుడైన ద్రోణుడుండగా ఇతనికేల యని యతని వాదము. అది వరుసను గూర్చిన వాదము. అందరిలో మిన్న శ్రీకృష్ణుడే యని భీష్ముని సమాధానము. ఈ కథ చెప్పి ఆ రెండు ఆంగ్లపదములను నేర్పినచో పిల్లలు మరువరు.

ఇక ‘పేరమౌంట్’ అను మాట. అన్నిటికిని పైన నుండునది యని యర్థము. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము పదమూడవ సెక్షనులో, సంరక్షకుని నియమించునప్పుడు బాలుని క్షేమమే ‘పేరమౌంట్’ అని కలదు. తల్లిదండ్రుల కోరిక కాదు, బంధువుల మాట కాదు, బిడ్డ మేలే అన్నిటికంటె పైది. ఆ 1956లోనే రాజ్యాంగమున 350ఎ అధికరణము చేరినది. భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధనకు తగిన సౌకర్యములు కల్పింప రాష్ట్రములు యత్నింపవలెనని అది చెప్పుచున్నది. బిడ్డ క్షేమమును, తల్లిభాషయు ఒకదానికొకటి దూరములు కావు.

‘ఫస్ట్ లాంగ్వేజ్’ అను మాటయందును ఈ రెండు భావములు దాగియున్నవి. పాఠశాల పట్టికలో మొదట వ్రాయబడు భాష యొకటి. బిడ్డ ఒడిలో మొదట విన్న భాష యొకటి. వీధిలో ప్రాంతీయభాష, తరగతిలో ఆంగ్లము మిన్నగా కనబడుట సహజము, అవి కావలసినవే. కాని మన యిండ్లలో తెలుగు నానాటికి ‘సెకండ్ ఫిడిల్’ వాయించుచున్నది. వయొలిను కచేరీలో రెండవ వరుసవాడు మొదటివానిని అనుసరించుటయే గాని తాను నడిపింపడు. వంటయింట గూడ తెలుగు అట్లు అనుసరించునదైనచో దానిని నడిపించువారెవరు?

కావున తల్లిదండ్రులను మేము కోరునది స్వల్పము. పిల్లవాడు క్రొత్త ఆంగ్లపదము నేర్చి వచ్చిన దినమున, రాత్రి భోజనమువేళ, ‘దీనిని మన తెలుగున ఏమందుము?’ అని యడుగుడు. జవాబు తెలియనిచో అవ్వను అడుగుమనుడు. ఆంగ్లమునకు పెద్దపీట వేయుడు, తప్పు లేదు. పీటలు వాల్చునప్పుడు మొదటిది మాత్రము తెలుగునకు వాల్చుడు.