మీకు తెలుసా? యాప్ చెరిపేసినంత మాత్రాన రూట్ పోదు

హైదరాబాద్‌లోని మెట్టుగూడ మెట్రో స్టేషన్‌లో, రైలెక్కే తొందరలో ఫోన్‌తో డబ్బు కట్టబోతే 'ఈ ఫోన్ రూట్ అయింది' అంటూ బ్యాంకు యాప్ మొరాయించవచ్చు. వెంటనే చాలామంది రూట్ చేయడానికి, అంటే ఫోన్ సిస్టమ్‌పై పూర్తి అధికారం పొందడానికి, వాడిన మ్యాజిస్క్ యాప్‌ను చెరిపేసి, పని అయిపోయిందనుకుంటారు. అవ్వదు! మ్యాజిస్క్ మార్చేది ఫోన్‌ను మేల్కొలిపే బూట్ ఇమేజ్‌ని. యాప్ పోయినా ఆ మార్పు అక్కడే ఉంటుంది.

ముందు ఫొటోలు, కాంటాక్టులు వేరేచోట దాచుకోండి. తర్వాత మ్యాజిస్క్‌లోనే అన్‌ఇన్‌స్టాల్ నొక్కి, పూర్తి తొలగింపును ఎంచుకుంటే అది దాచి ఉంచిన పాత బూట్ ఇమేజ్ తిరిగి వస్తుంది. ఆ నకలు లేకపోతే, సరిగ్గా మీ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేరే వేయాలి.

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఆ తర్వాతి అడుగు. సిస్టమ్‌లో ఒక్క మార్పు మిగిలి ఉండగా బూట్‌లోడర్‌కు, అంటే సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్‌కు, మళ్లీ తాళం వేస్తే ఫోన్ మళ్లీ లేవకపోవచ్చు. అన్నీ సరిగ్గా ఉన్నా, తాళం పడేటప్పుడు సాధారణంగా డేటా అంతా చెరిగిపోతుంది.

శాంసంగ్ ఫోన్లలో రూట్ చేసినప్పుడు నాక్స్ భద్రతా వ్యవస్థలోని ఈ-ఫ్యూజ్ ఒకసారి కాలితే ఏ ఫర్మ్‌వేరూ దాన్ని అతికించలేదు. ఫైళ్లను భద్రంగా దాచే సెక్యూర్ ఫోల్డర్ ఇక పనిచేయదు. పాత ఫోన్ కొనేటప్పుడు డౌన్‌లోడ్ మోడ్‌లో నాక్స్ వారంటీ వరుస చూడండి. అక్కడ సున్నా లేదంటే అది కాలినట్టే.