కాల్చనక్కరలేని ఇటుక

శబరి ఒడ్డున ఉన్న కొంటాలో మట్టి ఇటుకలు చేయాలంటే మట్టితోపాటు కట్టెలో బొగ్గో కావాలి. బట్టీలో వేడి సుమారు 900 నుండి 1000 డిగ్రీల సెల్సియస్‌కు చేరితేగాని ఇటుక గట్టిపడదు. ఆ మంట నుండి కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అదే రహదారిపై భద్రాచలం మీదుగా వెళితే వచ్చే పాల్వంచలో థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ బొగ్గు మండగా మిగిలిన బూడిదతో ఇటుకలను కాల్చకుండానే తయారుచేయవచ్చు.

ఇందుకు విశాఖపట్నంలోని ఇన్‌స్వారెబ్ సంస్థకు చెందిన భానుమతీదాస్, కాళిదాస్‌లు 'ఫాల్-జి' అనే పద్ధతిని రూపొందించారు. ఫ్లైయాష్, లైమ్, జిప్సం అనే మూడు మాటల నుండి వచ్చిన పేరిది. బూడిదలోని సిలికా, అల్యూమినా తేమ సమక్షంలో సున్నంతో నెమ్మదిగా చర్య జరిపి, సిమెంటులో ఉండేటువంటి బంధక పదార్థాలను ఏర్పరుస్తాయి. జిప్సం వల్ల తొలి రోజుల్లోనే బలం వస్తుంది. అచ్చు తీసిన ఇటుకలను కొన్ని వారాలు తడుపుతూ ఉంచాలి, అంతే. అయితే బూడిద మెత్తనిది కావాలి. చెరువుల్లోకి వదిలిన ముతక బూడిద అంత చురుకుగా పనిచేయదు.

మరి సున్నం ఎక్కడిది? స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే, ఇంధనం సంగతి అటుంచి, రాయి నుండే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఇటుకబట్టీ ఆర్పి సున్నపుబట్టీ వెలిగించినట్లే! ఎసిటిలీన్ తయారీలో మిగిలే కార్బైడ్ సున్నం వాడితే కొత్తగా రాయి కాల్చే పని లేదు. ఎరువుల కర్మాగారాల్లో మిగిలే జిప్సాన్ని మాత్రం మలినాలు పరీక్షించాకే వాడాలి.

ఇక రవాణా. తయారైన ఇటుకలు తేవడం కంటే బూడిద, సున్నం, జిప్సం తెచ్చి, ఇసుకా నీరూ స్థానికంగా కలిపి కొంటాలోనే అచ్చు వేస్తే లారీ మోసే బరువు తగ్గుతుంది, డీజిలూ తగ్గుతుంది.