సింహళ ద్వీపంలో సైకిలు దారులు

2022 జూన్ నెలాఖరున శ్రీలంక ప్రభుత్వం అత్యవసర సేవలకు తప్ప ఇతరులెవ్వరికీ పెట్రోలు, డీజిలు అమ్మరాదని ఉత్తర్వు చేసింది. విదేశీ మారకద్రవ్యం అడుగంటి, విదేశీ రుణాల చెల్లింపును ఏప్రిల్‌లోనే నిలిపివేసిన ఆ దేశానికి చమురు కొనేందుకు డాలర్లు లేకపోయాయి. బంకుల ముందు మైళ్ల పొడవున వాహనాలు బారులు తీరి ఉండగా, ఆస్పత్రులకు వెళ్లే వైద్యులు, కచేరీలకు వెళ్లే గుమాస్తాలు, బడిపిల్లల తండ్రులు కొలంబో వీధుల్లో సైకిలెక్కారు. అంతవరకు అడిగే నాథుడు లేని సైకిలు ధర కొద్ది వారాల్లోనే ఆకాశాన్నంటింది. దిగుమతులపై ఆంక్షలుండడంతో చెయిను, టైరు వంటి విడిభాగాలకు సైతం కటకట ఏర్పడింది. జూలైలో అధ్యక్షుడు గొటబాయ రాజపక్స దేశం విడిచి వెళ్లిపోయారు. ఆపైన రేషను పద్ధతిలో పెట్రోలు దొరకసాగింది. మోటారు వాహనాలు మళ్లీ రోడ్డెక్కగానే సైకిళ్లు మళ్లీ మూలపడ్డాయి.

అక్కరకొచ్చినప్పుడు మాత్రమే ఆ దేశస్థులు గుర్తు చేసుకున్న ఈ వాహనంపై తిరగడానికే ఐరోపా నుండి, ఆస్ట్రేలియా నుండి ఏటా యాత్రికులు శ్రీలంకకు విమానమెక్కి వస్తున్నారు. వారు రావడానికి కారణం లేకపోలేదు. లంక విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా ఉండదు. ఆ చిన్న నేలమీదనే కొబ్బరితోటల సముద్రతీరం, వరిపొలాల మైదానం, తేయాకు కొండలు, ఏనుగులు తిరిగే చిట్టడవి, తాటిచెట్ల పొడినేల ఒకదాని పక్కన ఒకటి ఇమిడి ఉన్నాయి. సైకిలుపై సాగే యాత్రికుడు రెండు మూడు రోజుల్లోనే ఒక వాతావరణం నుండి మరొక వాతావరణంలోకి చేరుకోగలడు.

ఈ దారుల్లో ప్రసిద్ధమైనది క్యాండీ నుండి నువర ఎలియ వెళ్లే కొండదారి. తెలుగువారికి క్యాండీ పూర్తిగా పరాయి ఊరు కాదు. 1739 నుండి 1815 వరకు ఆ సింహాసనాన్ని అధిష్ఠించిన నాయక్కర్ రాజులు మధుర ప్రాంతపు తెలుగు మూలాలు గలవారే. చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు త్రవ్వించిన సరస్సు ఊరి నడుమ నేటికీ ఉంది. 1815లో బ్రిటిషు వారు ఆయనను పట్టుకుని వేలూరు కోటకు తరలించగా, 1832లో అక్కడే కన్నుమూశాడు. పర్వతాల మధ్య నున్న రాజ్యాన్ని జయించడం కన్న నిలుపుకోవడం కష్టమని గ్రహించిన తెల్లదొరలు వెంటనే రోడ్ల నిర్మాణానికి పూనుకున్నారు. గవర్నరు ఎడ్వర్డ్ బార్న్స్ హయాంలో కొలంబో–క్యాండీ రహదారి పడింది. రాజకార్యమనే పేర సింహళ రైతుల చేత చేయించిన వెట్టిచాకిరి దాని వెనుక ఉంది. ఆ వెట్టిని 1832లో రద్దు చేశారు. నేడు సైకిలుదారుడు ఆయాసపడుతూ ఎక్కే కడుగన్నావ కనుమ ఆ నాటిదే. ఫిరంగి బండ్లు లాగే ఎడ్లకు అనువుగా వేసిన వాలు కావడం వల్లనే కాబోలు, సైకిలుకు కూడా అది మరీ నిటారుగా ఉండదు.

క్యాండీ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉండగా నువర ఎలియ 1,868 మీటర్ల ఎత్తున ఉంది. మధ్య దూరం దాదాపు 77 కిలోమీటర్లు. పేరాదెనియ, గంపొల దాటేవరకు దారి సులువుగానే సాగుతుంది. పుస్సెల్లావ వద్ద తేయాకు తోటలు మొదలవుతాయి. రంబొడ వద్ద జలపాతం హోరు వినపడేసరికి కాళ్లు బరువెక్కుతాయి. అక్కడి నుండి రోడ్డు కొండను పాములా చుట్టుకుంటూ పైకి పోతుంది. ఒక మలుపులో కనిపించిన కొత్మలె జలాశయం ఐదు మలుపుల తరువాత అరచేతంత పళ్లెంలా మరింత లోతున కనిపిస్తుంది. లబుకెలి తోటలు దాటాక చలిగాలి తగులుతుంది. దారి పక్కన క్యారట్, క్యాబేజీ, లీకులు పేర్చిన కూరగాయల దుకాణాలు వస్తాయి. అలవాటున్న వారికి ఇది ఒక రోజు ప్రయాణం. లేనివారు రంబొడలో ఒక రాత్రి ఆగడం మేలు.

ఈ పచ్చదనం ప్రకృతి ఇచ్చింది కాదన్న సంగతిని పర్యాటక ప్రకటనలు చెప్పవు. అడవులు నరికి మొదట కాఫీ వేశారు. 1869లో కనిపించిన తుప్పు తెగులు కాఫీని తుడిచిపెట్టింది. అంతకు రెండేళ్ల ముందు, 1867లో, జేమ్స్ టేలర్ అనే స్కాట్లండ్ దొర లూల్‌కందెర తోటలో తేయాకు సాగు మొదలుపెట్టాడు. కాఫీ పోయిన చోటల్లా తేయాకు వచ్చింది. రెండింటికీ చాకిరి చేసింది మద్రాసు రాష్ట్రపు తమిళ జిల్లాల నుండి కరువుకాలంలో తరలి వచ్చిన కూలీలు. మన్నార్ తీరంలో దిగి అడవుల గుండా కాలినడకన ఈ కొండలకు చేరే దారిలో ప్రాణాలు విడిచినవారి సంఖ్య తక్కువేమీ కాదు. స్వాతంత్ర్యం వచ్చిన 1948లోనే వారి సంతతిలో అత్యధికుల పౌరసత్వం ఊడింది. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారునాయకేలు చేసుకున్న ఒప్పందం ప్రకారం లక్షలాది మందిని ఇండియాకు పంపాలని నిశ్చయించారు. మిగిలినవారికి పౌరసత్వమిస్తూ చట్టం రావడానికి 2003 దాకా పట్టింది. వారి రోజు కూలి వెయ్యి రూపాయలకు చేరింది 2021లో. అదైనా లంక రూపాయల్లోనే. మరుసటి ఏడాది రూపాయి విలువ పతనమై ఆ పెంపును మింగివేసింది.

సైకిలు దిగి, ఆకు కోసే స్త్రీని ఫోటో తీసుకుని సాగిపోయే యాత్రికునికి లోయలో వరుసగా కనిపించే రేకుల కప్పుల ఇళ్లు కూడా అందమైన దృశ్యంగానే తోస్తాయి. ఒక్కో గదిలో ఒక్కో సంసారం చొప్పున తెల్లదొరల నాడు కట్టిన లయన్లవి. కారులో పోయేవాడు వాటిని చూడడు. సైకిలువాడు మంచినీళ్ల కోసమో, గాలి పంపు కోసమో అక్కడ ఆగవలసి వస్తుంది. ఈ వాహనానికున్న విశేషమంతా అందులోనే ఉందని చెప్పవచ్చు.

నువర ఎలియ దాటి కొద్ది దూరం దిగితే సీతా ఎలియ వస్తుంది. రావణుడు సీతమ్మను ఉంచిన అశోకవనం ఇదేనని స్థానికుల నమ్మకం. వాగు ఒడ్డున సీతమ్మ కోవెల ఉంది. మన దేశం నుండి వెళ్లే యాత్రికుల బస్సులన్నీ అక్కడ ఆగుతాయి. ఆపైన హక్గల ఉద్యానవనం, వెలిమడ కూరగాయల పొలాలు, బండారవెల మీదుగా ఎల్ల చేరవచ్చు. ఎల్ల నుండి వెల్లవాయ వరకు సుమారు 27 కిలోమీటర్లలో రోడ్డు ఎనిమిది వందల మీటర్లకు పైగా దిగుతుంది. రావణ జలపాతం నీళ్లు దాదాపు రోడ్డు మీదకే చిమ్ముతుంటాయి. ఈ దిగుడులో తొక్కవలసిన పని లేదుగాని బ్రేకుల మీద చేయి తీయడానికి వీల్లేదు. కింద మైదానంలో బుదురువగల రాతి విగ్రహాల వద్దకు చేరేసరికి చలికోటు విప్పవలసినంత ఎండ తగులుతుంది.

ఈ కొండదారులు ఎంత అందమైనవో అంత బలహీనమైనవి. 2025 నవంబరు చివరలో వచ్చిన దిత్వా తుపాను క్యాండీ, నువర ఎలియ, బదుల్ల జిల్లాల్లో కొండచరియలను విరిచి రోడ్లపైనా, రైలు పట్టాలపైనా, ఇళ్లపైనా పడవేసింది. దేశం మొత్తం మీద 600 మందికి పైగా మరణించారు. వాలును తొలిచి తోటలు వేసిన చోట, మురుగు కాలువలు పూడిన చోట నేల నిలువలేదు. పర్యాటకుల కోసం హోటళ్లను కొండ అంచులకు జరుపుకుంటూ పోయినవారు ఇప్పుడు లెక్క చూసుకోవలసి ఉంది.

ఎందుకంటే ఆ దేశానికి పర్యాటకం విలాసం కాదు, డాలర్లు తెచ్చే ప్రధాన మార్గాలలో ఒకటి. 2018లో 23 లక్షలకు పైగా విదేశీయులు వచ్చారు. 2019 ఈస్టరు నాటి బాంబు పేలుళ్లు, ఆపై కరోనా కలిసి 2021 నాటికి ఆ సంఖ్యను రెండు లక్షల లోపుకు దించాయి. 2024లో అది తిరిగి 20 లక్షలు దాటింది. దేశాలవారీగా చూస్తే వారిలో భారతీయులదే మొదటి స్థానం. అయితే పెద్ద హోటలులో దిగి, కారులో తిరిగి, నాలుగో రోజున విమానమెక్కేవాడు ఇచ్చే డబ్బు ఊళ్లలోకి చేరదు. కారు ఒక పూటలో దాటించే దూరానికి సైకిలు రెండు రాత్రులు తీసుకుంటుంది. ఆ రెండు రాత్రుల పడక, ఆరుపూటల భోజనం, పంక్చరు వేసిన కూలి, దారి పొడవునా తాగిన కొబ్బరిబొండాల సొమ్ము చిన్న ఊళ్లకే చెందుతాయి. ప్రభుత్వ పర్యాటక శాఖలు ఈ లెక్కను వేసుకోవడం లేదనిపిస్తుంది. రహదారుల వెంట సైకిలుకు ప్రత్యేకించిన బాట ఎక్కడో తప్ప కానరాదు.

దక్షిణ తీరం ఇందుకు నిదర్శనం. గాల్లే నుండి మాతర వరకు సుమారు 45 కిలోమీటర్ల దారి సముద్రాన్ని ఆనుకునే సాగుతుంది. గాల్లే డచ్చి కోట, కొగ్గల వద్ద నీళ్లలో నాటిన కర్రలపై కూర్చునే జాలరులు, వెలిగమ అఖాతం, మాతర దాటితే ద్వీపపు దక్షిణాగ్రమైన దొండ్ర దీపస్తంభం ఈ దారిలోనివే. ఆ జాలరుల్లో పలువురు చేపలకన్న ఫోటోలకు వచ్చే చిల్లరపైనే ఆధారపడుతున్నారన్నది వేరే సంగతి. గాల్లేకు ఉత్తరాన పెరళియ వద్ద 2004 డిసెంబరు 26న సునామీ ఒక రైలునే ముంచెత్తి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. అక్కడి బుద్ధ విగ్రహం ముందు సైకిలు ఆపనివారుండరు. ఇంత అందమైన దారిలో యాత్రికుడు సముద్రం వైపు చూడడానికి జంకుతాడు. వెనుక నుండి ఒకదానితో ఒకటి పోటీపడుతూ వచ్చే ప్రైవేటు బస్సులే అందుకు కారణం. ఆ దేశంలో రోడ్డు ప్రమాదాలకు బలి అయ్యేవారు ఏటా రెండు వేలకు పైనే. 2011లో ఎక్స్‌ప్రెస్ రహదారి తెరిచాక దూరప్రయాణపు కార్లు అటు మళ్లాయిగాని ఊళ్ల మధ్య తిరిగే బస్సులు పాత దారినే ఉన్నాయి. తెల్లవారుజామున బయలుదేరి తొమ్మిది గంటలలోపు ముగించడమే క్షేమం.

బుత్తల నుండి కతరగమ వెళ్లే అడవి దారిలో మరో చిక్కు ఉంది. అక్కడ ఏనుగులు రోడ్డుకు అడ్డం నిలబడి బస్సులను ఆపి అరటిపళ్లు వసూలు చేస్తాయి. సుంకం కట్టడానికి ఏమీ లేని సైకిలువాడు ఆ దారి పట్టకపోవడమే మంచిది.

ఉత్తర మధ్య మండలంలో చెరువుగట్ల మీది దారులను యాత్రికులు అంతగా ఎరుగరు. ఐదవ శతాబ్దంలో ధాతుసేనుడు త్రవ్వించిన కళావెవ నుండి అనురాధపురానికి నీరు తీసుకువెళ్లే జయగంగ కాలువ పొడవు దాదాపు 87 కిలోమీటర్లు. దాని తొలి భాగంలో వాలు కిలోమీటరుకు సుమారు పది సెంటీమీటర్లు మాత్రమే. నీరు కదిలీ కదలనట్లు సాగే ఆ కాలువ ప్రక్కన సైకిలు తొక్కేవానికి ఎక్కుడు దిగుడుల బాధ లేదు. ఒకవైపు నీరు, కొంగలు, రెండోవైపు వరిచేలు ఉంటాయి. ఈ ప్రాంతంలోనే, తంబుత్తెగమ దగ్గరి కుడాగమలో, పాములాడించి, సోదె చెప్పి బ్రతికిన అహికుంటక జాతివారు స్థిరపడ్డారు. వారు ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. పిల్లల చదువు సింహళంలో సాగుతున్నందున ఆ తెలుగు తరం తరానికీ పలుచబడుతోంది. గట్టు దిగి ఆ ఊరి దారి పట్టిన తెలుగువానికి దప్పికైతే నీళ్లడగడానికి వేరే భాష వెతుక్కోనక్కరలేదు.

చివరకు జాఫ్నా. సైకిలును విలాసంగా కాక ప్రాణాధారంగా ఎరిగిన ప్రాంతమిది. 1990 నుండి కొన్నేళ్లపాటు యుద్ధం కారణంగా పెట్రోలు సరఫరాను ప్రభుత్వం అడ్డుకోగా, ద్వీపకల్పం యావత్తూ సైకిలు మీద నడిచింది. కట్టెలు, బియ్యపు బస్తాలు, రోగులు, పెండ్లికొడుకులు అందరూ దాని మీదనే. ఇప్పటికీ వైద్యులైనా, అధ్యాపకులైనా అక్కడ సైకిలుపై వెళ్లడాన్ని చిన్నతనంగా భావించరు. నేల బల్లపరుపు. పన్నై కట్ట మీదుగా వేలణై, పుంగుడుతీవుల దిశగా వెళ్లే దారికి రెండు ప్రక్కలా మోకాటి లోతు సముద్రం, దూరాన తాటితోపులు కనిపిస్తాయి. ఎదురుగాలి ఒక్కటే శత్రువు. చివరనున్న కురికట్టువాన్ రేవులో సైకిలును పడవకెక్కించి నాగపూషణి అమ్మవారి నైనాతీవుకు వెళ్లిరావచ్చు. చెన్నై నుండి జాఫ్నాకు విమానాలు 2022 డిసెంబరులో తిరిగి మొదలయ్యాయి. 2023 అక్టోబరులో నాగపట్నం నుండి కంకేసన్‌తురైకి నౌక కూడా నడిచింది. ఈశాన్య ఋతుపవనం వెనుదిరిగే ఫిబ్రవరి నుండి ఎండలు ముదరని ఏప్రిల్ మొదటి వారం వరకు ఈ దారులకు అనువైన కాలం.

మన్నార్ నుండి తీరం వెంబడే జాఫ్నా చేరే దారి అన్నింటికన్న నిర్జనమైనది. ద్వీపకల్పాన్ని ప్రధాన భూభాగం నుండి వేరుచేసే కయ్యకు ఆవలి ఒడ్డున పూనకరి ఉంది. ఆనైయిరవు దారి మూతపడిన యుద్ధకాలంలో జనం సమీపంలోని కిలాలి వద్ద రాత్రివేళ, దీపాలు ఆర్పుకుని, తుపాకుల భయంతో సైకిళ్లను పడవల్లో వేసుకుని ఈ కయ్యనే దాటేవారు. 2011 జనవరిలో సంగుపిట్టి వద్ద వంతెన తెరిచారు. సైకిలు మీద దానిని దాటడానికి రెండు నిమిషాలు చాలు.